తమ్ముడికి నాలుక కింద బిళ్ల మొదలుపెట్టమన్నారు, పెట్టించాలా వద్దా?

చెల్లీ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ తమ్ముడికి 29 ఏళ్లు. నాలుగేళ్ల కిందట బండి మీంచి పడి తొడ ఎముక విరిగితే రాడ్ వేశారు, నొప్పికి ట్రమడాల్ రాశారు, గాయం మానింది కానీ బిళ్ల మానలేదు, ఇప్పుడది టపెంటడాల్ అనే అలాంటిదే ఇంకో నొప్పి బిళ్ల రోజుకు పది పన్నెండు దాకా వచ్చింది. రెండుసార్లు డీ-అడిక్షన్ సెంటర్లో పెట్టారు, ఒకసారి నెల, ఇంకోసారి మూడు నెలలు, రెండుసార్లూ ఇంటికొచ్చిన పదిహేను రోజుల్లోపే మళ్లీ మొదలు. ఇప్పుడు చూస్తున్న సైకియాట్రిస్ట్ అడ్మిషన్ అక్కర్లేదు, ఓపీలోనే నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్-నాలొక్సోన్ బిళ్ల మొదలుపెడదాం, సోమవారం తీసుకురండి అన్నారు. మీ అమ్మగారేమో "ఒక గోళీ మాన్పించడానికి ఇంకో గోళీ అలవాటు చేస్తారా" అని ఏడుస్తున్నారు. మీ మామయ్య మూడో సెంటర్ మాట్లాడి పెట్టారు, ఈసారి ఆర్నెల్లట.

మొదలుపెట్టించండి. సోమవారమే తీసుకెళ్లండి. సెంటర్‌కి కట్టిన అడ్వాన్స్ పోతే పోయింది.

నేను డాక్టర్ని కాదు. ప్రభుత్వాసుపత్రి డీ-అడిక్షన్ విభాగంలో పదిహేడేళ్లుగా నర్సుని, అందులో తొమ్మిదేళ్లు ఈ బిళ్ల చేతికిచ్చి, కరిగేదాకా ఎదురుగా కూర్చునే గదిలోనే డ్యూటీ. కాబట్టి డోసు విషయంలో మీ డాక్టర్ మాటే ఆఖరి మాట. ఆ గదిలో చూసి నేర్చుకున్నది మాత్రం అంతా చెబుతాను, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి, వీలైతే మీ అమ్మగారికి కూడా చదివి వినిపించండి.

ముందు సెంటర్ సంగతి. ట్రమడాల్, టపెంటడాల్, దగ్గు సిరప్‌లోని కోడీన్, ఫోర్ట్‌విన్ సూది, హెరాయిన్, ఇవన్నీ నల్లమందు జాతివి, డాక్టర్లు ఓపియాయిడ్లు అంటారు. వీటిని ఆపేస్తే వచ్చే బాధ (ఆవులింతలు, ముక్కు కళ్లు కారడం, ఒళ్లు జలదరించడం, విరేచనాలు, కాళ్లు పీకడం, నిద్ర లేకపోవడం) రెండు మూడు రోజులకు తారస్థాయికి చేరి, వారం పది రోజుల్లో చాలావరకు తగ్గిపోతుంది. ఆ వారం గడిస్తే మనిషి బాగైపోయాడని ఇంట్లో వాళ్లు అనుకుంటారు. కానీ మెదడు అంత త్వరగా మామూలవదు. నాలుగేళ్లు బయటి నుంచి వచ్చే మందుకు అలవాటుపడి తన సర్దుబాట్లన్నీ మార్చుకున్న మెదడు నెలల తరబడి కుదుటపడదు. నిద్ర సరిగ్గా పట్టదు, దేని మీదా ఆసక్తి ఉండదు, చిన్న మాటకే చిరాకు, లోపలి నుంచి ఎవరో పీకుతున్నట్టు ఆ బిళ్ల మీదే ధ్యాస. సెంటర్లో తాళం ఉంటుంది కాబట్టి ఆగుతాడు. బయటికొచ్చాక ఆ తాళం ఉండదు, మెదడు మాత్రం అక్కడే ఉంటుంది. రెండుసార్లు మళ్లీ మొదలుపెట్టాడంటే మీ తమ్ముడికి సిగ్గు లేదనో, అమ్మ మీద ప్రేమ లేదనో కాదు. ఆ పద్ధతితో ఈ జబ్బుకి ఎక్కువమందికి జరిగేది అదే.

నాకు అసలు భయం ఇంకోటి ఉంది, దాని కోసమే ఇంత రాస్తున్నాను. మూడు నెలలు ఆపితే శరీరానికున్న తట్టుకునే శక్తి పోతుంది. కానీ చేతికి, మనసుకి పాత లెక్కే గుర్తుంటుంది. మా వార్డులో రెండుసార్లు ఉండి వెళ్లిన ఒక అబ్బాయి ఉండేవాడు, సూది తీసుకునేవాడు. తర్వాత ఒక ప్రైవేటు సెంటర్లో మూడు నెలలు ఉండి వచ్చాడు, ఒళ్లు చేశాడు, మొహంలో కళ వచ్చింది, వాళ్ల నాన్నగారు ఎక్కడ్నుంచో లడ్డూలు తెచ్చి మా అందరికీ పంచిపెట్టారు. తొమ్మిదో రోజున పాత స్నేహితుడు కలిశాడు. పాత డోసే తీసుకున్నాడు. బాత్రూం తలుపు పగలగొట్టేసరికి ఊపిరి లేదు. ఆ లడ్డూ డబ్బా మా స్టాఫ్ రూం బీరువా మీద ఇంకా అలాగే ఉంది, పారేయడానికి ఎవరికీ చేతులు రాలేదు. బిళ్లలు మింగేవాళ్లకి కూడా ఇదే ప్రమాదం, మీ తమ్ముడు ఆర్నెల్లు ఆగి వచ్చి ఒక్కరోజు పాత పన్నెండూ ఒకేసారి వేసుకుంటే అప్పటి శరీరం తట్టుకోలేదు.

ఇది నా ఒక్కదాని అనుభవమే అయితే మీరు నమ్మక్కర్లేదు. స్వీడన్‌లో చేసిన ఒక పరిశోధన 2003లో వచ్చింది, చాలా చిన్నది, హెరాయిన్‌కి అలవాటైన 40 మంది మాత్రమే. సగం మందికి రోజూ 16 మిల్లీగ్రాముల బుప్రెనార్ఫిన్ ఏడాది పాటు ఇచ్చారు. మిగతా సగానికి అదే మందు ఆరు రోజులిచ్చి తగ్గించేసి, ఆ తర్వాత మందు లేని ఉత్తుత్తి బిళ్ల ఇచ్చారు. కౌన్సెలింగ్, గ్రూపు మీటింగులు అందరికీ సమానమే. ఏడాది తిరిగేసరికి మందున్న ఇరవై మందిలో పదిహేను మంది చికిత్సలోనే ఉన్నారు. ఉత్తుత్తి బిళ్ల వాళ్లలో ఒక్కరు కూడా మిగల్లేదు, ఇరవైలో నలుగురు చనిపోయారు. మందున్నవాళ్లలో ఎవరూ చనిపోలేదు. అంటే కౌన్సెలింగ్ వద్దని కాదు, ఒట్టి కౌన్సెలింగ్‌తో ఈ జబ్బును ఆపలేకపోయారని. ఫ్రాన్స్‌లో 1995లో మామూలు డాక్టర్లు కూడా ఈ మందు రాయొచ్చని అనుమతిచ్చాక, నాలుగేళ్లలో అక్కడ ఓవర్‌డోస్ చావులు దాదాపు ఐదింట నాలుగు వంతులు తగ్గాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే బుప్రెనార్ఫిన్‌ని, మెథడోన్ అనే ఇలాంటిదే ఇంకో మందుని తప్పనిసరి మందుల జాబితాలో చేర్చింది.

ఇక మీ అమ్మగారి మాట. ఆమె బాధలో న్యాయం ఉంది, అందుకే దాన్ని తోసిపారేయను. బుప్రెనార్ఫిన్ కూడా ఓపియాయిడే. దాన్ని హఠాత్తుగా ఆపితే ఒళ్లు నొప్పులొస్తాయి, శరీరం దానికీ అలవాటుపడుతుంది. ఇందులో దాచాల్సిందేమీ లేదు.

కానీ అమ్మగారిని ఒక్కటి అడగండి, మీ తమ్ముడి రోజు ఇప్పుడు ఎలా గడుస్తోందో చెప్పమనండి. తెల్లారకముందే వణుకుతో లేస్తాడు. మంచం దిగాలంటే ముందు మూడు బిళ్లలు పడాలి. నాలుగైదు గంటలకు దిగిపోతుంది, మళ్లీ వెతుకులాట. ఏ మెడికల్ షాపువాడు ఇస్తాడు, ఎంతకిస్తాడు, డబ్బులెక్కడివి, ఎవరికి ఏ అబద్ధం చెప్పాలి. మీరు రాశారు చూడండి, మీ నల్లపూసల గొలుసు కనపడకపోతే అతన్ని అడగడానికి కూడా భయమేసిందని. వ్యసనం అంటే అది. బతుకంతా ఆ బిళ్ల చుట్టూనే తిరగడం, నష్టమని తెలిసినా ఆపలేకపోవడం, రోజురోజుకీ డోసు పెంచుకుంటూ పోవడం. బుప్రెనార్ఫిన్ మీద కుదురుకున్నవాళ్ల రోజు ఇలా ఉండదు. పొద్దున ఒకసారి నాలుక కింద పెట్టుకుంటారు, పది నిమిషాలు, అయిపోయింది, మర్నాడు పొద్దునదాకా దాని ఊసే ఉండదు. మా దగ్గరికొచ్చే ఒకాయన ఆటో నడుపుతాడు, పిల్లల్ని బడి దగ్గర దింపి అటు నుంచి అటే మా గదికొచ్చి బిళ్ల పెట్టుకుని కిరాయిలకు పోతాడు, ఐదేళ్లయింది. అతనికి అలవాటు తప్పలేదని ఎవరన్నా అంటే అనొచ్చు, వాళ్లావిడ మాత్రం అనదు.

ఎందుకింత తేడా అంటే, ఈ మందు పని చేసే తీరు వేరు. మెదడులో నల్లమందు జాతి మందులు వెళ్లి పట్టుకునే చోట్లుంటాయి. టపెంటడాల్, హెరాయిన్ లాంటివి గబుక్కున వెళ్లి మత్తు తెప్పించి గబుక్కున దిగిపోతాయి. బుప్రెనార్ఫిన్ అదే చోట్లో నెమ్మదిగా, గట్టిగా పట్టుకుంటుంది, కానీ పని సగమే చేస్తుంది. ఆ సగం పని ఒళ్లు నొప్పులు, తపన అణచడానికి సరిపోతుంది, మత్తులో ముంచడానికి చాలదు. ఒక హద్దు దాటాక డోసు పెంచినా మత్తు పెరగదు, ఊపిరి మీద భారం కూడా అంతగా పెరగదు, మిగతావాటికీ దీనికీ ప్రాణం నిలబెట్టే తేడా ఇక్కడే ఉంది. పైగా చోటంతా ఇది పట్టుకుని కూర్చుంది కాబట్టి ఒకరోజు బుద్ధి పుట్టి టపెంటడాల్ వేసుకున్నా పెద్దగా ఏమీ అనిపించదు. చాలామంది ఒకసారి ప్రయత్నించి చూస్తారు, డబ్బు దండగైందని వాళ్లే వచ్చి చెబుతారు.

నాలొక్సోన్ ఎందుకు కలిపారని అడిగారు. నాలుక కింద పెట్టుకుంటే అది ఒంట్లోకి దాదాపుగా వెళ్లదు, ఊరికే ఉంటుంది. ఎవరన్నా బిళ్లను పొడి చేసి సూదిలో ఎక్కించుకుంటే మాత్రం అది వెంటనే పనిచేసి ఒళ్లు తిప్పేస్తుంది. దుర్వినియోగానికి అడ్డు, అంతే.

ఇప్పుడు సోమవారం గురించి. ఇక్కడ పొరపాటు జరిగితే చికిత్స మొదటి రోజే చెడిపోతుంది కాబట్టి దీన్ని జాగ్రత్తగా చదవండి.

మీ తమ్ముడు ఆసుపత్రికి బాధలో ఉండగా వెళ్లాలి. అవును, చూడ్డానికి కష్టంగా ఉంటుంది, కానీ అలాగే వెళ్లాలి. ఒంట్లో టపెంటడాల్ నిండుగా ఉండగా బుప్రెనార్ఫిన్ పెడితే, అది వెళ్లి ఆ మందును చోట్లోంచి ఒక్కసారిగా నెట్టేస్తుంది. అప్పుడు రెండు రోజుల్లో రావాల్సిన బాధ అరగంటలో ముంచుకొస్తుంది, వాంతులు, చెమటలు, కాళ్లు కొట్టుకోవడం. ప్రాణం మీదికి రావడం అరుదే కానీ మనిషి హడలిపోతాడు, "ఈ మందు నాకు పడదు" అని లేచి వెళ్లినవాళ్లు మళ్లీ రాలేదు, అలాంటివాళ్లు నాకు ముగ్గురు గుర్తున్నారు. ముగ్గురూ పొద్దున బస్సెక్కే ముందు దారి ఖర్చులా నాలుగు బిళ్లలు వేసుకుని వచ్చి, అడిగితే లేదన్నవాళ్లే. అడిగినప్పుడు తిట్టినట్టు అడిగితే నిజం చెప్పరని అప్పట్లో మాకూ తెలియలేదు.

మామూలు టపెంటడాల్ అయితే ఆఖరి బిళ్లకీ దీనికీ మధ్య కనీసం 12 గంటలు, ఇంకా ఎక్కువైతే ఇంకా మంచిది. పేరు పక్కన ఎస్‌ఆర్ అనో ఈఆర్ అనో ఉంటే అది నెమ్మదిగా కరిగే రకం, 24 గంటల దాకా ఆగాల్సి రావచ్చు. అందుకే ఖాళీ స్ట్రిప్పులు జేబులో పెట్టుకుని వెళ్లండి, డాక్టర్‌కి అవి చాలా పనికొస్తాయి. గంటల లెక్క ఒక్కటే చూడరు, కంటిపాప ఎంత పెద్దదైంది, నాడి ఎంత కొట్టుకుంటోంది, ఆవులింతలు, వణుకు, గగుర్పాటు, ఇలా 11 లక్షణాలకు మార్కులేసి, తగినన్ని వచ్చాకే మొదటి బిళ్ల ఇస్తారు. ఇంకాసేపు ఆగమంటే గొడవ పడకండి.

మొదటి బిళ్ల సాధారణంగా 2 మిల్లీగ్రాములు. ముందు ఒక గుక్క నీళ్లతో నోరు తడుపుకోవాలి. నాలుక కింద పెట్టుకుని ఐదు నుంచి పది నిమిషాలు కదలకుండా ఉండాలి, మాట్లాడకూడదు, మింగకూడదు. మింగితే చాలావరకు కాలేయంలోనే విరిగిపోయి సగం కూడా పని చేయదు, "నాకు ఎక్కట్లేదు" అనేవాళ్లలో చాలామంది ఊట మింగేస్తున్నవాళ్లే. గుట్కా, జర్దా ముందూ వెనకా వద్దు. పూర్తిగా కరిగాక నీళ్లతో పుక్కిలించి, బ్రష్ చేయడానికి మాత్రం గంట ఆగాలి, ఈ మందు పళ్లను పాడు చేస్తుందని అమెరికాలో 2022లో అధికారికంగానే హెచ్చరించారు, మా దగ్గర కూడా పళ్లు పుచ్చినవాళ్లను చూశాను. గంటో రెండు గంటలో చూసి ఇంకోటి ఇస్తారు. మొదటి రోజు మొత్తం మీద 4 నుంచి 8 మిల్లీగ్రాముల దాకా అవుతుంది. వారం పది రోజుల్లో చాలామంది 8కీ 16కీ మధ్య ఎక్కడో కుదురుకుంటారు, కొందరికి అంతకంటే ఎక్కువ కావాలి.

ఒక మాట గట్టిగా చెబుతున్నాను. రెండో వారంలోనే "ఎప్పుడు తగ్గిస్తారు" అని డాక్టర్ని వేధించకండి. మన వాళ్లు తక్కువ డోసు అంటే మంచి డోసు అనుకుంటారు. ఈ మందులో తక్కువైతే మధ్యాహ్నానికే తపన మొదలవుతుంది, సాయంత్రానికి మెడికల్ షాపు దగ్గర ఉంటాడు. మర్నాడు బిళ్ల పెట్టుకునేదాకా నొప్పులూ తపనా రాకుండా, అలాగని జోగకుండా ఉంటే అదే సరైన డోసు, దాని మీద ఎంత అంకె ఉన్నా సరే.

కాలు ఇంకా నొప్పి పెడుతోందని రాశారు. డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, ఎందుకంటే బుప్రెనార్ఫిన్‌కి నొప్పి తగ్గించే గుణం కూడా ఉంది, అదే మొత్తాన్ని రోజుకు రెండు మూడుసార్లుగా విడగొట్టి ఇస్తే నొప్పికీ పనిచేస్తుంది. రేపు రాడ్ తీయించే ఆపరేషన్ పెట్టుకుంటే ఆపరేషన్‌కి మత్తు ఇచ్చే డాక్టర్‌కి ముందే చెప్పాలి, ఎవరో ఆపమన్నారని సొంతంగా ఆపకూడదు.

మొదట్లో రోజూ వెళ్లాల్సి వస్తుంది, ఎదురుగా పెట్టించుకోవాలి. కుదురుకున్నాక వారానికో రెండు వారాలకో సరిపడా ఇంటికిస్తారు. పంజాబ్‌లో 2017 అక్టోబర్ నుంచి ఇలా ఓపీలోనే మందిచ్చే కేంద్రాలు జిల్లాల్లో తెరిచారు, ఇన్‌పేషెంట్‌గా చేరకుండా పనులు చేసుకుంటూ చికిత్స తీసుకోవచ్చని అక్కడ కళ్లారా కనిపించింది. మన రెండు రాష్ట్రాల్లో ఇంకా ఆ స్థాయిలో లేవు, ఇది నాకు నిజంగా బాధ. ఈ బిళ్ల మామూలు మందుల షాపులో అడిగితే దొరికేది కాదు. హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖ మానసిక వైద్యశాలల్లోనో, ప్రభుత్వ మెడికల్ కాలేజీల సైకియాట్రీ విభాగాల్లోనో అడగాలి. ఎక్కడుందో తెలియకపోతే మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446కి గానీ, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి గానీ ఫోన్ చేయొచ్చు, 14416లో తెలుగులో మాట్లాడతారు. మీ డాక్టరే ఇస్తానన్నారు కాబట్టి మీకు ఆ తిప్పలు లేవు, అది చిన్న అదృష్టం కాదు.

ఇంటికి బిళ్లలు తెచ్చాక తాళం పెట్టెలో పెట్టండి. మీ పాపకి మూడేళ్లన్నారు. ఈ మందు అలవాటు లేని చిన్నపిల్ల ఒక్క బిళ్ల నోట్లో వేసుకున్నా ఊపిరి ఆగే ప్రమాదముంది. అలా జరిగితే మంచినీళ్లు తాగించడం, నిద్రపోనివ్వడం చేయకుండా వెంటనే 108.

ఇంకో ప్రమాదం, మీది కరీంనగర్ వైపు అన్నారు కాబట్టి ప్రత్యేకంగా చెప్పాలి. బుప్రెనార్ఫిన్ ఒంటరిగా ఉన్నప్పుడు ఊపిరి మీద హద్దు దాటదని చెప్పాను కదా, ఆల్ప్రజోలం, డైజీపాం లాంటి నిద్రబిళ్లలు, మద్యం కలిస్తే ఆ రక్షణ పోతుంది. నిద్రబిళ్ల నేను వేసుకోవట్లేదు అంటారు, కానీ కల్లు కాంపౌండ్‌లో అమ్మే కల్తీ కల్లులో కలిపేది ఆ ఆల్ప్రజోలం, డైజీపాంలే. రోజూ కల్లు తాగే అలవాటు ఉంటే డాక్టర్‌కి చెప్పండి, హఠాత్తుగా మాన్పించినా ఫిట్స్ రావచ్చు, అందుకే దాన్ని కూడా పద్ధతిగా తగ్గిస్తారు. మొదటి రోజుల్లో నిద్ర పట్టట్లేదని షాపులో అడిగి ఏ బిళ్లా తెచ్చి వేయకండి.

మిగతా ఇబ్బందులు చిన్నవే, మలబద్ధకం, చెమట, తలనొప్పి, కొంచెం మగత. మొదలుపెట్టే ముందు కాలేయం పరీక్ష చేస్తారు. ఎప్పుడన్నా సూది వాడి ఉంటే, అతను లేదన్నా సరే, హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి పరీక్షలు చేయించండి. హెపటైటిస్ సి వచ్చినా ఇప్పుడు బిళ్లలతో నయమవుతుంది, 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఆ మందులు ఉచితం.

వేరే మందులు లేవా అని కూడా అడిగారు. మెథడోన్ ఉంది, 1960లలో న్యూయార్క్‌లో మొదలైంది, మన దేశంలోకి 2012లో వచ్చింది, ద్రవంగా తాగిస్తారు, బుప్రెనార్ఫిన్‌తో ఆగనివాళ్లకి బాగా పనిచేస్తుంది, కానీ ఇచ్చే చోట్లు చాలా తక్కువ. నాల్‌ట్రెక్సోన్ ఇంకో రకం, అందులో మత్తు అసలు లేదు, మెదడులో ఆ చోట్లను మూసేస్తుంది. మీ అమ్మగారికి ఇదే నచ్చుతుంది, తెలుసు. కానీ మొదలుపెట్టాలంటే వారం పది రోజులు ఏ ఓపియాయిడ్ లేకుండా ఉండాలి, రోజూ గుర్తుపెట్టుకుని మింగాలి, తపన పెద్దగా తగ్గదు, అందుకే చాలామంది నెల తిరక్కుండా ఆపేస్తారు, ఆపినప్పుడు ఆ లడ్డూల అబ్బాయికున్న ప్రమాదమే వీళ్లకీ ఉంటుంది. రెండుసార్లు జారిన మనిషికి నేనైతే ముందు దీన్ని ఎంచుకోను.

ఎన్నాళ్లు వాడాలి? ఏడాదికి తక్కువ మాట్లాడకండి. చాలామందికి రెండు మూడేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువ. తేదీ ముందే పెట్టుకునేది కాదు ఇది. నిద్ర సరిగ్గా ఉండాలి, పని కుదరాలి, పాత స్నేహాలు తెగాలి, తపన వచ్చినా దాటగలనని అతనికే అనిపించాలి, అప్పుడు కొంచెం కొంచెంగా, నెలల మీద తగ్గిస్తారు. తగ్గిస్తుంటే మళ్లీ తపన వస్తే పాత డోసుకి వెళ్తారు, అందులో ఓటమేమీ లేదు. ఒకావిడ మా దగ్గర 2 మిల్లీగ్రాముల దాకా దిగి అక్కడే ఆగిపోయింది, నాలుగేళ్లుగా అదే. టైలరింగ్ షాపు పెట్టుకుంది, నాకు జాకెట్లు ఆవిడే కుడుతుంది.

మధ్యలో ఒకట్రెండుసార్లు జారతాడు, ముందే మనసు సిద్ధం చేసుకోండి. యూరిన్ టెస్టులో తేడా వచ్చిందని మంచి డాక్టరెవరూ చికిత్స ఆపరు, డోసు చాలట్లేదేమో చూస్తారు. మీరు కూడా ఆ రోజు "అందుకే చెప్పాం" అనకండి. జేబులు వెతకడం, బాత్రూం బయట నిలబడటం తగ్గించండి. డబ్బు విషయంలో మాత్రం కచ్చితంగా ఉండండి, జీతం మీ అమ్మగారి ఖాతాలో వేయిస్తానని అతనే ఒప్పుకుంటే అంతకన్నా మంచిది లేదు. కౌన్సెలింగ్ ఇస్తే వెళ్లాలి, ముఖ్యంగా ఏ టైములో, ఎవరితో ఉన్నప్పుడు తపన వస్తోందో పట్టుకోవడానికి. ఒక వారం కౌన్సెలింగ్ తప్పిందని బిళ్ల ఆపితే మాత్రం అది తప్పు, అడగండి.

మామయ్య చూసిన సెంటర్ గురించి ఒక్క మాట. కట్టేసి, కొట్టి మాన్పిస్తామనే చోట్లున్నాయి, అలా వచ్చినవాళ్ల మణికట్లు నేను కడిగాను, కట్లు కట్టాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు జబ్బులకూ వర్తిస్తుంది, ఆ చట్టం ప్రకారం ఏ రోగినీ గొలుసులతో కట్టకూడదు, ఇలాంటి కేంద్రాలు రిజిస్టర్ అయి ఉండాలి. మామయ్య మంచి మనసుతోనే చూసి ఉంటారు, ఆయన్ని కూడా ఒకసారి మీ డాక్టర్‌తో మాట్లాడించండి.

పోలీసు కేసవుతుందేమో అన్న భయం అక్కర్లేదు, చికిత్సకు వచ్చినవాళ్లను మేము ఎవరికీ అప్పగించం. ట్రమడాల్ 2018 ఏప్రిల్ నుంచి మత్తుమందుల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్) కిందికి వచ్చింది నిజమే. అదే చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది, వాడకం కేసులోనో కొద్ది మొత్తం దొరికిన కేసులోనో ఇరుక్కున్న వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు పొందిన చోట చికిత్సకు వెళ్లి పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. ఉద్యోగం చేసుకోవచ్చు, డోసు కుదిరేదాకా ఓ రెండు వారాలు బండి నడపకుండా ఉంటే చాలు. దుబాయ్ పంపే ఆలోచన ఉందన్నారు, అది ఇప్పుడు వద్దు. గల్ఫ్ దేశాల్లో ఈ మందు మీద చాలా కఠినమైన నిబంధనలున్నాయి, ముందస్తు అనుమతి కాగితాలు లేకుండా బ్యాగులో దొరికితే జైలు దాకా పోవచ్చు. మందు ఆపి పంపిద్దామనుకుంటే అది ఇంకా పెద్ద ప్రమాదం.

పెళ్లి మాటలు నడుస్తున్నాయి కాబట్టి అమ్మాయి వాళ్లకి చెప్పాలా అని చివర్లో అడిగారు. చెప్పాలి. కానీ ఈ నెలలో కాదు, ముందు సంబంధాలు చూడటమే ఆపండి. ఏడాది గడవనివ్వండి. అప్పుడు చెప్పాల్సింది అతను, అమ్మాయికి, సూటిగా. దాచి చేసిన పెళ్లిళ్లలో బిళ్ల బయటపడినప్పుడు ఆ అమ్మాయిలు మా ఓపీలో ఎలా కూర్చుంటారో చూశాను, మీ ఇంటికి వచ్చే పిల్లకి అది వద్దు.

ఆదివారం రాత్రి ఆఖరి బిళ్ల ఎప్పుడు వేసుకున్నాడో టైము ఒక కాగితం మీద అతని చేతే రాయించండి, ఎన్ని వేసుకున్నాడో కూడా. ఎన్నని రాసినా మొహం మార్చకండి. సోమవారం పొద్దున వాంతయ్యేంత తినిపించకండి, ఇడ్లీ చాలు. ఖాళీ స్ట్రిప్పులు, పాత సెంటర్ల కాగితాలు, ఆధార్, ఒక నీళ్ల సీసా, ఒక దుప్పటి పట్టుకెళ్లండి, వణుకుతుంటాడు. బస్సు వద్దు, ఆటో మాట్లాడుకోండి. అమ్మగారిని కూడా తీసుకెళ్లి మొదటి బిళ్ల పెట్టిన తర్వాత గంటసేపు అతని పక్కనే కూర్చోబెట్టండి. ఆ సాయంత్రం ఎలా ఉన్నాడో నాకు రాయండి, డ్యూటీ దిగాక చూస్తాను.